కంప్యూటర్ కొనేటప్పుడు అంటగట్టే అదనపు సేవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ అడ్మిషన్లు జరిగే నెలల్లోనూ, దసరా, దీపావళి అమ్మకాల రోజుల్లోనూ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోని కంప్యూటర్ షోరూములు కిటకిటలాడుతుంటాయి. ల్యాప్‌టాప్ ఎంచుకోవడానికి వారం రోజులు ఇంటర్నెట్ అంతా గాలించిన తల్లిదండ్రులు కూడా, బిల్లు కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ‘ఇది కూడా వేసేయమంటారా సార్?’ అన్న ప్రశ్నకు పది సెకన్లలో తలూపి అయిదారు వేల రూపాయలు అదనంగా కట్టి వస్తుంటారు. బంధువులు, ఇరుగుపొరుగువారు, సహోద్యోగులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెబుతూ వచ్చిన సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

షాపులో అమ్మే ‘అదనపు సేవలు’ అంటే సరిగ్గా ఏమిటి? బిల్లులో అవి ఎలా కనిపిస్తాయి?

ఒక ఉదాహరణ చూద్దాం. ల్యాప్‌టాప్ ధర 54,990 రూపాయలు అనుకోండి. దాని కింద ‘ఇన్‌స్టలేషన్ అండ్ సెటప్’ 1,499, యాంటీవైరస్ 999, రెండేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ 4,499, కీబోర్డ్ స్కిన్, స్క్రీన్ గార్డ్, క్లీనింగ్ ద్రవం కలిసిన ‘కేర్ కిట్’ 799 అని నాలుగు వరుసలు చేరతాయి. ఆ నాలుగూ కలిపితే 7,796 రూపాయలు. అంటే ల్యాప్‌టాప్ ధరలో దాదాపు ఏడో వంతు అదనంగా పడి, మొత్తం 62,786 రూపాయలు అవుతుంది. ఈ నాలుగింటిలో ల్యాప్‌టాప్ పనిచేయడానికి అవసరమైనది ఒక్కటి కూడా లేదు.

పూర్వం కొసరు అంటే అమ్మేవాడు తూకం అయిపోయాక ఊరికే వేసేది. ఇప్పుడు కొసరుకు కూడా జీఎస్‌టీతో సహా బిల్లు వస్తోంది.

షాపువారు వీటి కోసం అంత పట్టుపట్టడం ఎందుకు?

ల్యాప్‌టాప్ ధర అందరికీ తెలుసు. కౌంటర్ ముందు నిలబడే ఫోన్‌లో మూడు చోట్ల ధర చూసి బేరమాడవచ్చు కాబట్టి, పెట్టె మీద షాపుకు మిగిలేది తక్కువ. కీబోర్డ్ స్కిన్ అసలు ధర ఎంతో, సెటప్ పని విలువ ఎంతో కొనేవారికి తెలియదు కాబట్టి, లాభమంతా అక్కడ ఉంటుంది. పైగా చాలాచోట్ల సేల్స్ సిబ్బందికి వారంటీలు ఇన్ని, యాంటీవైరస్‌లు ఇన్ని అమ్మాలని నెలవారీ లక్ష్యాలు ఉంటాయి. మీ ఎదుట నిలబడి బతిమాలే కుర్రవాడి మీద కోపం తెచ్చుకోవలసిన పనిలేదు. అతని జీతం సంగతి అతనిది, మీ జేబు సంగతి మీది.

కొత్త ల్యాప్‌టాప్‌కు ‘ఇన్‌స్టలేషన్ ఛార్జీ’ కట్టాలా?

విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే అక్కరలేదు. విండోస్ కంపెనీ నుంచే ఎక్కించబడి వస్తుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి దాని లైసెన్స్ కీని తయారీ సంస్థలు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే, అంటే చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్‌లోనే, భద్రపరుస్తున్నాయి. కాబట్టి ఎవరూ ‘కీ కొట్టవలసిన’ పని లేదు, సీడీ వేయవలసిన పని అంతకంటే లేదు. మొదటిసారి ఆన్ చేయగానే దేశం ఏది, కీబోర్డ్ ఏది, వైఫై ఏది, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఏది, పిన్ ఏమి పెట్టుకుంటారు అని వరుసగా అడుగుతుంది. ఫోన్‌లో వాట్సాప్ పెట్టుకోగలిగిన వారెవరైనా వీటికి సమాధానం చెప్పగలరు. ఇదంతా అరగంట పని. ఆ తర్వాత అప్‌డేట్లు దిగడానికి ఇంటి ఇంటర్నెట్ వేగాన్ని బట్టి మరో గంటో రెండు గంటలో పట్టవచ్చు కానీ, ఆ సమయంలో మీరు చేయవలసిందల్లా ఛార్జర్ తగిలించి ఉంచడమే.

‘స్పీడ్ పెంచే ట్యూనప్’, ‘ఆప్టిమైజేషన్’ అనే పేర్లతో అమ్మేది కూడా చాలావరకు ఇదే సెటప్. దానికి తోడు కంపెనీవారు నింపిన ట్రయల్ సాఫ్ట్‌వేర్లను తీసేస్తారు. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి, అక్కరలేనివాటిని మీరే అన్‌ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ‘రికవరీ పెన్‌డ్రైవ్’ తయారు చేసి ఇస్తామంటే, విండోస్‌లోనే రికవరీ డ్రైవ్ అనే సదుపాయం ఉంది, తగినంత సామర్థ్యమున్న ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు.

సరే, సెటప్ ఉచితంగానే చేసి ఇస్తామంటే చేయించుకోవచ్చు కదా?

డబ్బు కట్టి చేయించుకున్నా, ఉచితంగా చేయించుకున్నా, అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. అందుకే ఈ సమాధానం కాస్త పొడవుగా ఉంటుంది.

మా అక్క కూతురు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు సికింద్రాబాద్‌లోని ఒక షాపులో ల్యాప్‌టాప్ కొన్నారు. షాపులోని కుర్రవాడు పెట్టె విప్పి, ‘రెండు నిమిషాలు కూర్చోండి మేడమ్’ అని, సెటప్ అంతా చకచకా ముగించి ఇచ్చాడు. ఎనిమిది నెలల తర్వాత బయోస్ (యంత్రం ఆన్ అవగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒకటి పూర్తయి యంత్రం మళ్లీ ఆన్ అవగానే నీలిరంగు తెర మీద డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. అది 48 అంకెల కీ. పిల్ల తన మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ రోజు షాపులో సెటప్ చేసిన కుర్రవాడు పని త్వరగా అవుతుందని తన సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాడు. కీ అతని అకౌంట్‌లో ఉండిపోయింది. అతను అప్పటికి ఆ ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు, పాత నంబరు పనిచేయలేదు. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా చెరిపి మళ్లీ విండోస్ ఎక్కించుకోవలసి వచ్చింది. రెండు సెమిస్టర్ల ల్యాబ్ రికార్డులు పోయాయి.

ఇది ఆ ఒక్క కుర్రవాడి నిర్లక్ష్యంతో పోయే సంగతి కాదు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, మొదట ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి), తాళంచెవి ఆ అకౌంట్‌లోకి చేరుతుంది. ఇల్లు మీది, తాళంచెవి మాత్రం పక్కింటివారి కొక్కేనికి వేలాడుతోందన్నమాట. అంతేకాదు, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే శాశ్వత ఎంఎస్ ఆఫీస్ లైసెన్స్ కూడా దాన్ని యాక్టివేట్ చేసిన అకౌంట్‌కే అతుక్కుంటుంది.

కాబట్టి నా సలహా ఇది. షాపులో పెట్టె తెరిపించి, యంత్రాన్ని ఒకసారి ఆన్ చేయించి, తెర మీద మచ్చలు గానీ, ఒంటి మీద గీతలు గానీ లేవని చూసుకోండి. దేశం ఎంచుకోమని అడిగే మొదటి తెర దగ్గరే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, మిగిలిన సెటప్ ఇంటికి వచ్చాక మీ సొంత అకౌంట్‌తో చేసుకోండి. ఇప్పటికే షాపులో సెటప్ అయిపోయి ఉంటే, సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగంలో ఎవరి మెయిల్ ఉందో ఈరోజే చూసుకోండి. అది మీది కాకపోతే ముందుగా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్ వంటి బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత యంత్రాన్ని రీసెట్ చేసి మీ అకౌంట్‌తో మొదలుపెట్టడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. మీ అకౌంట్‌లో రికవరీ కీ చేరిందో లేదో చూసుకుని, దాన్ని కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచుకోండి.

యాంటీవైరస్ కొనకపోతే వారంటీ చెల్లదని చెప్పారు. నిజమేనా?

కాదు. తయారీ సంస్థ ఇచ్చే హార్డ్‌వేర్ వారంటీకీ, మీరు కొనే యాంటీవైరస్‌కూ ఎటువంటి సంబంధమూ లేదు. విండోస్ 10, 11లలో విండోస్ సెక్యూరిటీ అనే రక్షణ వ్యవస్థ మొదటి నుంచీ ఉంటుంది, ఉచితంగా పనిచేస్తుంది, విండోస్ అప్‌డేట్లతో పాటే తాజా అవుతుంది. ఇంటి వాడకానికి, చదువుకు అది చాలు. వేరే యాంటీవైరస్ ఎక్కించగానే ఇది సాధారణంగా పక్కకు తప్పుకుంటుంది. ఆ కొన్నదాని గడువు తీరాక ‘మీరు ప్రమాదంలో ఉన్నారు’ అని ఎర్రటి హెచ్చరికలు రావడం మొదలైనప్పుడు, కొత్తగా డబ్బు కట్టనక్కరలేదు. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ సొంత రక్షణ మళ్లీ పనిలోకి వస్తుంది.

పెట్టె మీద ఎమ్మార్పీ ఎక్కువగా ముద్రించి, ‘మీకు మాత్రం సగం ధరకే’ అని ఇవ్వడం ఈ సరుకులో మామూలే. సగం ధరకు వచ్చినా అక్కరలేనిది అక్కరలేనిదే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా వద్దంటారా?

వద్దని చెప్పను. కౌంటర్ దగ్గర నిర్ణయించుకోవద్దని చెబుతాను.

ముందుగా రెండు రకాలను వేరు చేసి చూడాలి. ఒకటి ల్యాప్‌టాప్ తయారు చేసిన సంస్థే అమ్మే వారంటీ పొడిగింపు. రెండోది షాపువారు లేదా మూడో సంస్థ అమ్మే ‘ప్రొటెక్షన్ ప్లాన్’. మొదటిదానిలో యంత్రాన్ని తయారీదారు సర్వీస్ కేంద్రం బాగుచేస్తుంది, వారంటీ వివరాలు సీరియల్ నంబరు మీద ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. రెండోదానిలో ఎవరు బాగుచేస్తారు, ఏ విడిభాగాలు వేస్తారు, డబ్బు ఎవరు చెల్లిస్తారు అన్నది ప్లాన్ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని ప్లాన్లలో యంత్రం వయసును బట్టి తరుగుదల లెక్కగట్టి, మిగిలిన విలువ వరకే చెల్లిస్తారు. బ్యాటరీ, ఛార్జర్, నీరు పడటం, కిందపడి పగలడం చాలా ప్లాన్లలో చేరవు. అంటే విద్యార్థి ల్యాప్‌టాప్‌కు నిజంగా జరిగే ప్రమాదాలే మినహాయింపుల జాబితాలో ఉంటాయి.

షాపులో ‘ఇప్పుడు తీసుకోకపోతే తర్వాత దొరకదు సార్’ అంటారు. తయారీ సంస్థల వారంటీ పొడిగింపును సాధారణంగా మొదటి వారంటీ గడువు ముగియక ముందు వారి వెబ్‌సైట్‌లోనే కొనుక్కోవచ్చు. యాపిల్ సంస్థ మ్యాక్ కొన్న 60 రోజుల వరకు యాపిల్‌కేర్ ప్లస్ కొనుక్కునే వీలు ఇస్తోంది. ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికి రక్షణ ఇచ్చే ప్లాన్లకు మాత్రం కొన్ని సంస్థలు గడువు తక్కువగా పెడతాయి కాబట్టి, ఇంటికి వెళ్లిన వారం రోజుల్లోనే ఆ సంస్థ సైట్‌లో మీ సీరియల్ నంబరు కొట్టి ఏయే ప్లాన్లు, ఏ ధరకు, ఎప్పటివరకు చూపిస్తోందో చూసుకోవాలి. అదే ప్లాన్ షాపు ధర కంటే అక్కడ తక్కువగా కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

షాపు ప్లానే తీసుకోదలిస్తే, డబ్బు కట్టక ముందే పూర్తి నిబంధనల కాగితం ఇమ్మని అడగండి. ‘తర్వాత మెయిల్‌కు వస్తుంది’ అంటే, మెయిల్ వచ్చాకే డబ్బు కడతానని చెప్పండి. ప్లాన్ వెనుక ఉన్న సంస్థ పేరు, చిరునామా ఆ కాగితంలో ఉండాలి. ఫిర్యాదు చేయవలసి వస్తే ఎవరి మీద చేయాలో తెలియాలి కదా.

మరి ఎవరు తీసుకోవాలి?

హాస్టల్‌లో ఉండి, రోజూ బస్సులో, బైక్ మీద ల్యాప్‌టాప్ మోసుకు తిరిగే పిల్లలకు ప్రమాద నష్ట రక్షణ, అదీ తయారీ సంస్థ నుంచి తీసుకున్నది, పనికి రావచ్చు. తెర మార్పించాలంటే ఖర్చు చిన్నది కాదు. ఇంట్లో బల్ల మీద ఉండే యంత్రానికి అదే ప్లాన్ దండగ. ఎనభై, తొంభై వేలు దాటిన ల్యాప్‌టాప్‌కు మదర్‌బోర్డు ఖర్చు దృష్ట్యా రెండో, మూడో సంవత్సరపు వారంటీ గురించి ఆలోచించవచ్చు. ముప్పై వేల ల్యాప్‌టాప్‌కు అయిదు వేల వారంటీ నాకు లెక్కకు రాదు.

కీబోర్డ్ స్కిన్, స్క్రీన్ గార్డ్?

అక్కరలేదు. ల్యాప్‌టాప్ మూసినప్పుడు కీబోర్డుకూ తెరకూ మధ్య సందు చాలా తక్కువగా ఉంటుంది. అందులో ఏది దూర్చినా తెరకు ప్రమాదమే. కెమెరా మీద కవర్ పెట్టి మ్యాక్‌బుక్ మూస్తే తెర దెబ్బతినవచ్చని యాపిల్ తన సహాయ పేజీలో హెచ్చరించి, కవర్ పెట్టక తప్పకపోతే 0.1 మిల్లీమీటరు మించరాదని చెప్పింది. తెర తుడవడానికి మెత్తని, పొడి నూలుగుడ్డ చాలు.

ఎంఎస్ ఆఫీస్, తెలుగు టైపింగ్ వేసి ఇస్తామంటున్నారు. వాటికి డబ్బు కట్టవచ్చా?

ముందుగా పెట్టె మీద, బిల్లులో చూడండి. మన దేశంలో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లతో విద్యార్థుల, గృహ వాడకపు ఆఫీస్ లైసెన్స్ ఎలాగూ వస్తోంది. దాన్ని నిర్ణీత గడువులోగా మీ అకౌంట్‌తో యాక్టివేట్ చేసుకుంటే సరిపోతుంది. లైసెన్స్ రాకపోయినా, లిబ్రె ఆఫీస్ ఉచితం, గూగుల్ డాక్స్ ఉచితం, వర్డ్, ఎక్సెల్‌లను బ్రౌజర్‌లో ఉచితంగా వాడుకునే వీలు మైక్రోసాఫ్టే ఇస్తోంది. మూడు, నాలుగు వందలకు ‘ఫుల్ ఆఫీస్’ వేసి ఇస్తామన్నారంటే అది దొంగ కాపీ అనుకోవడమే క్షేమం. అలాంటి కాపీలను పనిచేయించే ‘యాక్టివేటర్’ ప్రోగ్రాములు నడవడానికి రక్షణ వ్యవస్థను ఆపేయమంటాయి. ఒకచేత్తో 999 రూపాయల యాంటీవైరస్ అమ్మి, మరోచేత్తో రక్షణ కట్టేసే ప్రోగ్రాము ఎక్కించిన షాపును కూడా నేను చూశాను.

తెలుగు సంగతి మనకు ప్రత్యేకమైనది కాబట్టి విడిగా చెబుతాను. విండోస్‌లో తెలుగును చూపే నిర్మలా ఫాంట్ ముందే ఉంది. సెట్టింగ్స్‌లో భాష విభాగంలోకి వెళ్లి తెలుగును చేర్చుకుంటే, తెలుగు అక్షరాలను నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ వస్తుంది. ‘అమ్మ’ అని రాయడానికి ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే అలవాటు ఉన్నవారికి 2019 నుంచి ఫోనెటిక్ కీబోర్డ్ కూడా విండోస్‌లోనే ఉంది. పైసా ఖర్చు లేదు. డీటీపీ పని, పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసేవారికి యూనికోడ్ (అన్ని యంత్రాలూ గుర్తించే అక్షరాల ప్రామాణిక పద్ధతి) కాని అను ఫాంట్ల అవసరం ఉండవచ్చు కానీ, కాలేజీ విద్యార్థికి ‘తెలుగు సాఫ్ట్‌వేర్’ పేరిట అయిదు వందలు తీసుకోవడానికి కారణమే లేదు.

ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) పెంచి ఇస్తామంటే?

షాపు చేసే అదనపు పనుల్లో నిజంగా ఉపయోగపడగలిగింది ఇదొక్కటే. అయినా మూడు విషయాలు అడగాలి. ఆ మోడల్‌లో ర్యామ్ మార్చే స్లాట్ ఉందా, లేక బోర్డుకు అతికించి వచ్చిందా? అడుగు మూత విప్పితే తయారీదారు వారంటీకి అడ్డం వస్తుందా? వేసే భాగం ఏ కంపెనీది, దానికి విడిగా బిల్లు, వారంటీ ఉన్నాయా? మూడింటికీ సూటిగా సమాధానం వస్తే చేయించుకోండి. పాత డిస్క్‌ను తీసి కొత్తది వేస్తే, తీసినదాన్ని అడిగి వెంట తెచ్చుకోండి. అది మీ సొమ్ము.

అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌కు కూడా ఇదే వర్తిస్తుందా?

కొంతవరకే. విడిభాగాలు విడివిడిగా కొన్నప్పుడు వాటిని బిగించి, కేబుళ్లు సర్ది, పరీక్షించి ఇవ్వడం నిజమైన పని. దానికి కూలి ఇవ్వడం న్యాయం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోట, మొత్తం యంత్రం కొన్నవారికి ఈ కూలి అడగకుండానే బిగించి ఇచ్చే షాపులు కూడా ఉన్నాయి. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ సంగతి తేల్చుకోవాలి. విండోస్ మాత్రం ఇందులో రాదు. లైసెన్స్ కొనుక్కోవాలి, లేదా ఉబుంటు వంటి ఉచిత వ్యవస్థను వాడుకోవాలి. డాస్‌తో, అంటే విండోస్ లేకుండా, వచ్చే చవక ల్యాప్‌టాప్‌లకూ ఇదే మాట. లైసెన్స్ కొన్నాక ఎక్కించడానికి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఇన్‌స్టలేషన్ సాధనం దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో మీరే చేసుకోవచ్చు.

డెస్క్‌టాప్ కొనేవారు వద్దనకూడని అదనపు వస్తువు యూపీఎస్. కరెంటు ఒక్క క్షణం పోయినా రాస్తున్న ఫైలు పోతుంది, డిస్క్ దెబ్బతినే అవకాశమూ ఉంటుంది. దాన్ని అదే షాపులో కొనాలని నియమం ఏమీ లేదు.

‘నో కాస్ట్ ఈఎంఐ’లో అదనపు ఖర్చు ఉండదు కదా?

ఉంటుంది. క్రెడిట్ కార్డు మీద తీసుకున్నప్పుడు బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మకందారు ముందే తగ్గింపు ఇస్తాడు. వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మాత్రం మీరే కట్టాలి. వడ్డీ మొత్తం 3,000 రూపాయలు అనుకుంటే 540 రూపాయలు అలా పోతాయి, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. నగదుకు ఇచ్చే తగ్గింపును ఈఎంఐ వారికి ఇవ్వకపోవడం ఇంకో దాగుడుమూత. ‘నగదుకైతే ఎంత?’ అని ముందు అడిగి, ఆ తర్వాత ఈఎంఐ మాట ఎత్తండి.

ఫైనాన్స్ కంపెనీ ద్వారా తీసుకుంటే బీమా, కార్డు ఫీజు వంటివి ఓటీపీ చెప్పే హడావుడిలో చేరిపోతుంటాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ రుణాలకు అన్ని రుసుములనూ, వార్షిక రేటునూ చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో చూపని రుసుమును మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. ఓటీపీ చెప్పక ముందే ఆ కాగితం చూపించమనండి.

‘కిట్, వారంటీ తీసుకుంటేనే ఈ ధర, లేకపోతే స్టాకు లేదు’ అంటే ఏం చేయాలి?

2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఒక వస్తువు కొనాలంటే మరో వస్తువో సేవో కూడా కొని తీరాలని షరతు పెట్టడం నిర్బంధ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. సెక్షన్ 2లోని 41వ నిర్వచనంలో ఆ మాట స్పష్టంగా ఉంది. షాపులో చట్టం చదివి వినిపించమని నేను చెప్పను. ‘ఆ షరతు బిల్లు మీద రాసి ఇవ్వండి’ అని నెమ్మదిగా అడగండి చాలు. రాసిచ్చినవారిని నేనింతవరకు చూడలేదు. స్టాకు దానంతట అదే బయటపడుతుంది, లేదా పక్క షాపులో దొరుకుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే ఈ బెడద ఉండదా?

మనిషి ఉండడు, టిక్కు పెట్టెలు ఉంటాయి. అడగకుండానే సరుకుల బుట్టలో వారంటీనో విరాళాన్నో చేర్చడం, ‘వద్దు, నా ల్యాప్‌టాప్ పాడైనా పర్వాలేదు’ వంటి మాటలతో సిగ్గుపడేలా చేయడం వంటి 13 రకాల మోసపు పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాలలో నిషేధించింది. అయినా డబ్బు చెల్లించే చివరి తెర మీద వరుసలన్నీ ఒకసారి కూడి చూసుకోవడం మంచిది.

తెలియక అన్నీ కట్టేశాను. ఇప్పుడేమైనా చేయగలనా?

బిల్లు తీసుకుని రెండు మూడు రోజుల్లోపే షాపుకు వెళ్లండి. సీలు విప్పని కిట్, యాక్టివేట్ చేయని యాంటీవైరస్, నమోదు కాని ప్లాన్ అయితే వెనక్కి ఇచ్చే అవకాశం ఎక్కువ. నోటితో అడగడంతో పాటు, షాపు మెయిల్‌కు ఏ వరుసను ఎందుకు రద్దు చేయమంటున్నారో రాయండి. చెప్పకుండా వేసినదైతే ఆ మాటే రాయండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడా తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము లేదు, కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు. ఎనిమిది వందల కిట్ కోసం కమిషన్ దాకా వెళ్లాలా అన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. నాలుగైదు వేల వారంటీ క్లెయిమును తిరస్కరిస్తే మాత్రం వెళ్లదగినదే.

పిల్లలు అమెరికా, బ్రిటన్ వెళ్తున్నారు. అక్కడ కొంటే ఈ గొడవ తప్పుతుందా?

తప్పదు, రూపం మారుతుంది. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో ‘పీసీ హెల్త్ చెక్’ పేరుతో ఉచిత పరీక్ష చేసేవారు. కంప్యూటర్ నెమ్మదించిందా వంటి నాలుగు ప్రశ్నల్లో దేనికైనా అవునని టిక్కు పెడితే, యంత్రంలో ఏమున్నా లేకపోయినా సమస్య ఉన్నట్టు చూపి, వందల డాలర్ల మరమ్మతు సేవలు అమ్మారన్నది అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణ. 2019లో ఆఫీస్ డిపో 2.5 కోట్ల డాలర్లు, సాఫ్ట్‌వేర్ సమకూర్చిన సపోర్ట్.కామ్ కోటి డాలర్లు చెల్లించి రాజీకి వచ్చాయి. బ్రిటన్‌లో 2005 నాటి ఉత్తర్వు ప్రకారం ఎక్స్‌టెండెడ్ వారంటీ ధరను దుకాణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అదే ధర 30 రోజులు నిలవాలి, కొన్నాక క్లెయిము చేయకపోతే 45 రోజుల్లోపు రద్దు చేసుకుని పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మనకూ అలాంటి నియమం ఒకటి ఉంటే బాగుండునని నాకు తరచూ అనిపిస్తుంది.

ఇక్కడే కొని తీసుకెళ్లేవారు ఆ మోడల్‌కు అంతర్జాతీయ వారంటీ ఉందో లేదో తయారీ సంస్థనే అడగాలి. ఇక్కడి షాపు ప్లాన్ అక్కడ చెల్లుతుందని అనుకోవద్దు.

ఇంతకీ కౌంటర్ దగ్గర ఏమని చెప్పాలి?

వాదన పెట్టుకోవద్దు, కారణాలు చెప్పవద్దు. కారణం చెబితే దానికి సమాధానం అతని దగ్గర తయారుగా ఉంటుంది. మొన్న మా పక్కింటాయనతో కలిసి వెళ్లినప్పుడు జరిగిన సంభాషణ ఇంతే.

‘సార్, మూడేళ్ల ప్లాన్ వేసేయమంటారా?’

‘వద్దు బాబూ. ల్యాప్‌టాప్ ఒక్కటే బిల్లు చెయ్యి.’

‘తర్వాత దొరకదు సార్.’

‘పర్వాలేదు. ల్యాప్‌టాప్ ఒక్కటే.’

‘యాంటీవైరస్ అన్నా పెట్టనా సార్?’

‘ల్యాప్‌టాప్ ఒక్కటే బాబూ.’

నాలుగోసారి అతను అడగలేదు. బిల్లు ప్రింటు తీశాక కార్డు గీకక ముందే ఆయన వరుసలు లెక్కపెట్టుకున్నారు, ఒకటే ఉంది. పెట్టె మీది సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, బిల్లులోని నంబరు మూడూ ఒకటేనా అని చూసుకుని, దుకాణం ముద్ర వేయించుకుని, సెటప్ చేయని పెట్టెను చంకన పెట్టుకుని ఇంటికి వచ్చారు.